ప్రొజెక్టర్ లోపలి వేడి: ఏ అంకెను గమనించాలి?

ప్రశ్న: మా డాబా మీది గదిలో సీలింగ్‌కు బిగించిన ఎల్‌సీడీ ప్రొజెక్టర్ ఉంది. దాని సర్వీస్ మెనూలో బల్బు దగ్గర, బొమ్మను ఏర్పరిచే ఎల్‌సీడీ ప్యానెళ్ల దగ్గర ఎన్ని డిగ్రీల వేడి ఉందో కనిపిస్తుంది. ఏప్రిల్ నుంచి గమనిస్తున్నాను. ప్యానెళ్ల దగ్గరి అంకె దాదాపు కదలడమే లేదు. అయినా మే నెలలో రెండుసార్లు సినిమా మధ్యలో ఎర్ర లైటు వెలిగి, ప్రొజెక్టర్ దానంతటదే ఆగిపోయింది. లోపల వేడి మామూలుగానే ఉంటే ఎందుకు ఆగుతోంది? ఎన్ని డిగ్రీల వరకు ప్రమాదం లేదనుకోవచ్చు? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: ప్యానెళ్ల దగ్గరి అంకె నిలకడగా ఉండటంలో వింత లేదు. దాన్ని నిలకడగా ఉంచడమే ఫ్యాన్ల పని. ప్యానెళ్ల పక్కన ఉండే థర్మిస్టర్ (వేడిని పసిగట్టే చిన్న సెన్సర్) కాస్త వేడెక్కినట్టు తెలియగానే లోపలి సర్క్యూట్ ఫ్యాన్ వేగాన్ని పెంచుతుంది. ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోతున్నా, గది వేడెక్కుతున్నా, ఫ్యాన్‌కు ఇంకా వేగం పెంచుకునే వీలున్నంతవరకు మెనూలోని అంకె మారదు. ఫ్యాన్ తన గరిష్ఠ వేగానికి చేరిన తరువాత అంకె పెరగడం మొదలవుతుంది, అక్కడి నుంచి ఆగిపోయే హద్దును తాకడానికి కొద్ది నిమిషాలు చాలు. సినిమా చూస్తున్నవారు మెనూ తెరిచి కూర్చోరు కనుక ఆ కొద్ది నిమిషాలూ మీ కంట పడలేదు. నిశ్శబ్ద దృశ్యాల్లో ఫ్యాన్ హోరు మునుపటికన్నా ఎక్కువగా వినిపిస్తోందంటే, మెనూ చెప్పడానికి చాలా ముందే మీకు సమాచారం అందినట్టు.

ఎన్ని డిగ్రీలు అన్న రెండో ప్రశ్నకు అన్ని ప్రొజెక్టర్లకూ సరిపోయే ఒకే జవాబు లేదు. థర్మిస్టర్‌ను బల్బుకు ఎంత దూరంలో అమర్చారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది కనుక, మీ స్నేహితుడి మోడల్‌లో కనిపించే అంకెతో మీది పోల్చుకోవడం వృథా. తయారీదారు మాన్యువల్‌లో రాసి ఇచ్చే హద్దు గది ఉష్ణోగ్రతకు సంబంధించినది. ఇళ్లలో వాడే చాలా ప్రొజెక్టర్లకు అది 5 నుంచి 35 డిగ్రీల సెల్సియస్. రెంటచింతల, రామగుండం పేర్లు రోజూ వార్తల్లోకి ఎక్కే మే నెలలో, పగలంతా ఎండను పీల్చుకున్న స్లాబు కింద ఉన్న గది సాయంత్రం ఏడింటికి కూడా ఆ 35ను దాటి ఉండటం మనకు కొత్త కాదు. పైగా గోడ మీద ఛాతీ ఎత్తులో ఉన్న థర్మామీటరు, ఏసీ రిమోటు చూపించే అంకె మీ ప్రొజెక్టర్‌కు వర్తించవు. అది పీల్చే గాలి సీలింగ్‌కు జానెడు కింద ఉన్న గాలి. కింద కూర్చున్నవారికి చల్లగా ఉన్నప్పుడు కూడా అక్కడ కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది.

అందువల్ల నా సలహా ఏమిటంటే, లోపలి అంకెను పక్కన పెట్టి, ప్రొజెక్టర్‌లోకి వెళ్లే గాలికీ దాని నుంచి బయటికి వచ్చే గాలికీ మధ్య తేడాను కొలవండి. ఫ్రిజ్‌లకు, అక్వేరియంలకు వాడే, తీగ చివర సెన్సర్ ఉన్న చిన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు కొనండి. చవక రకాలు ఒకదానికొకటి డిగ్రీ తేడాతో చూపించడం మామూలే కనుక, ముందుగా రెండు సెన్సర్లనూ ఒకే గ్లాసు నీళ్లలో కాసేపు ఉంచి ఆ తేడాను రాసుకోండి. తరువాత ఒకదాన్ని గాలి లోపలికి వెళ్లే జాలీ ముందు, మరొకదాన్ని వేడి గాలి వచ్చే జాలీకి వేలెడు దూరంలో, ప్లాస్టిక్‌కు తగలకుండా గాలిలో వేలాడేటట్టు టేపుతో అతికించండి. సెన్సర్ జాలీకి ఆనుకుంటే అది చెప్పేది ప్లాస్టిక్ వేడి. తుపాకీ ఆకారంలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కూడా ఉపరితలం వేడినే కొలుస్తుంది కాబట్టి ఈ పనికి అంతగా ఉపయోగపడదు.

ఈ తేడా వెనక ఉన్న లెక్క తేలికైనదే. ప్రొజెక్టర్ 300 వాట్ల కరెంటు తీసుకుంటే దాదాపు అదంతా చివరికి వేడిగా మారుతుంది. సెకనుకు 20 లీటర్ల గాలి దాని గుండా ప్రవహిస్తే ఆ గాలి సుమారు 12 డిగ్రీలు వేడెక్కి బయటికి వస్తుంది. గాలి సగానికి తగ్గితే 25 డిగ్రీలు వేడెక్కుతుంది. ఫిల్టర్ శుభ్రం చేసిన రోజున, అరగంట నడిచాక, మీ ప్రొజెక్టర్ తేడా ఎంతో రాసి పెట్టుకోండి. అదే పిక్చర్ మోడ్‌లో, దాదాపు అదే గది వేడిలో, మరోసారి కొలిచినప్పుడు 14 ఉన్న తేడా 21 అయిందనుకోండి, గాలి మూడో వంతు తగ్గిపోయిందని అర్థం. తేడా మారకుండా లోపలికి వెళ్లే గాలి మాత్రమే వేడెక్కి ఉంటే తప్పు గదిది. అప్పుడు ఫిల్టర్ ఎంత తుడిచినా లాభం లేదు, సినిమాకు ముప్పావు గంట ముందే ఏసీ వేయాలి. ఎకో మోడ్‌లో బల్బుతో పాటు ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది కనుక, ఆ మోడ్‌లో తీసుకున్న అంకెను నార్మల్ మోడ్ అంకెతో కలపకండి.

మీ ప్రొజెక్టర్ రెండుసార్లూ ఏసీ లేనప్పుడే ఆగిందా అన్నది మీరు రాయలేదు. ఉత్తరంలోని వివరాలను బట్టి నేను ముందుగా ఫిల్టర్‌నే అనుమానిస్తాను. దాన్ని మెత్తని బ్రష్ బిగించిన వ్యాక్యూమ్ క్లీనర్‌తో పైనుంచి లాగి శుభ్రం చేయండి. మాన్యువల్ అనుమతిస్తే తప్ప నీళ్లతో కడగవద్దు. బ్లోయర్‌తో ఊదితే దుమ్ము లోపలికి చేరి ప్యానెళ్ల మీద వాలుతుంది, తెర మీద మసక మచ్చలుగా కనిపిస్తుంది. డబ్బాల్లో వచ్చే ఎయిర్ స్ప్రేలలో మండే వాయువు ఉండే అవకాశం ఉంది కాబట్టి, వేడి బల్బు దగ్గర వాటిని అసలు వాడవద్దు.

ఎర్ర లైటును ఖాతరు చేయకుండా, చల్లారాక మళ్లీ వేసుకుని చూసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఎల్‌సీడీ ప్రొజెక్టర్‌లో దాని మూల్యం వెంటనే కనిపించదు. ప్యానెళ్లకు ముందూ వెనకా ఉండే, ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పోలరైజర్ పొరలు వేడికి క్రమంగా పాడవుతాయి. తీక్షణమైన నీలి కాంతిని మోసే పొర సాధారణంగా అన్నింటికన్నా ముందు దెబ్బతింటుంది, తెల్లని తెర మీద పసుపు పచ్చని మరకలు తేలతాయి. ఆ దశకు చేరాక బాగు చేయించడానికి అయ్యే ఖర్చు వింటే, చాలామంది కొత్త ప్రొజెక్టర్ వైపే చూస్తారు.

ప్రశ్న: ఉష్ణోగ్రత హద్దు దాటగానే స్మార్ట్ ప్లగ్ ద్వారా ప్రొజెక్టర్‌కు కరెంటు ఆగిపోయేటట్టు ఏర్పాటు చేసుకోవాలని ఉంది. ఇది సురక్షితమేనా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: బల్బు ఉన్న ప్రొజెక్టర్‌కు ఇది రక్షణ పేరుతో చేసే హాని. వీటిలో వాడే పాదరసపు ఆర్క్ బల్బు వెలుగుతున్నప్పుడు లోపల సుమారు 200 వాతావరణాల పీడనం ఉంటుంది, దాని క్వార్ట్జ్ గోడ దాదాపు వెయ్యి డిగ్రీల వేడిలో పనిచేస్తుంది. ఆపు బటన్ నొక్కిన తరువాత కూడా ఫ్యాన్ కొంతసేపు తిరిగేది అందుకే. అత్యంత వేడిగా ఉన్న క్షణాన్నే ఎంచుకుని ఫ్యాన్‌కు కరెంటు తీసేయడం మీ ప్లగ్ చేయబోయే పని. పవర్ కట్‌లోనూ జరిగేది ఇదే కనుక, ప్రొజెక్టర్‌ను సరైన పద్ధతిలో ఆపి, ఫ్యాన్ చల్లార్చే వరకు నిలబడగలిగిన చిన్న యూపీఎస్ మీద ఖర్చు పెట్టడం మేలు.

మీకు ఆటోమేషన్ మీద ఆసక్తి ఉంటే దారి వేరే ఉంది. నెట్‌వర్క్ సాకెట్ ఉన్న చాలా ప్రొజెక్టర్లు, నెట్‌వర్క్ ద్వారా ప్రొజెక్టర్‌కు ఆదేశాలు పంపే పీజేలింక్ అనే పద్ధతిని పాటిస్తాయి. 4352 పోర్టులో ఈఆర్ఎస్‌టీ అనే ఆదేశంతో స్థితిని అడిగితే ఆరు అంకెల జవాబు వస్తుంది. అవి వరుసగా ఫ్యాన్, బల్బు, ఉష్ణోగ్రత, మూత, ఫిల్టర్, ఇతరములు. 0 అంటే అంతా సవ్యం, 1 అంటే హెచ్చరిక, 2 అంటే లోపం. మూడో అంకె 1 అయినప్పుడు ఫోనుకు సందేశం పంపి, అదే పీజేలింక్ ద్వారా ఆపే ఆదేశం ఇస్తే, ప్రొజెక్టర్ తన పద్ధతి ప్రకారం చల్లారి ఆగుతుంది. ఈ జవాబులో డిగ్రీలు ఉండవు. అవి కావాలంటే డీఎస్18బీ20 అనే డిజిటల్ ఉష్ణోగ్రత సెన్సర్లు రెండు, వైఫై ఉన్న చిన్న ఈఎస్‌పీ8266 బోర్డు ఒకటి కొని, పై జవాబులో చెప్పిన రెండు చోట్లా బయటి నుంచే అమర్చుకోండి. సెన్సర్ పెట్టడం కోసం మూత విప్పవద్దు. బల్బును వెలిగించే సర్క్యూట్‌లో వేల వోల్టులు పుడతాయి.

ప్రశ్న: ఫ్యాన్ చప్పుడు వినిపించకుండా ప్రొజెక్టర్‌ను చెక్క పెట్టెలో, ముందు గాజు పలకతో బిగించాలని మా వడ్రంగి అంటున్నారు. వెనక రెండు రంధ్రాలు పెడితే సరిపోతుందా? (ఒక పాఠకురాలు, హన్మకొండ)

జవాబు: రంధ్రాలు మాత్రమే పెడితే సరిపోదండీ. ప్రొజెక్టర్ వదిలిన వేడి గాలి పెట్టెలో తిరిగి మళ్లీ అదే ప్రొజెక్టర్‌లోకి వెళుతుంది. గది 26 డిగ్రీల్లో ఉన్నా పెట్టె లోపల 40 దాటవచ్చు. 300 వాట్ల ప్రొజెక్టర్ ఉన్న పెట్టెలో గాలి గదికన్నా 5 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు సుమారు 50 లీటర్ల గాలిని బయటికి లాగాలి. కంప్యూటర్లలో వాడే 12 సెంటీమీటర్ల ఫ్యాన్ ఒక్కటి ఇంత లాగలేదు. వంటింటికి వాడే ఆరంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ సాధారణంగా లాగుతుంది గానీ, మీరు దాచాలనుకున్న చప్పుడుకన్నా దాని చప్పుడే ఎక్కువ. ఆ ఫ్యాన్‌ను గొట్టం ద్వారా పక్క గదిలోకో, బయటి గోడకో మార్చగలిగితే పెట్టె కట్టించుకోండి. వేడి గాలి వచ్చే జాలీ ముందు నుంచి గొట్టం నోటి దాకా రేకుతోగానీ అట్టతోగానీ ఒక అడ్డు పెట్టించండి, అప్పుడు వేడి గాలి చల్లగాలితో కలవదు. గాలి వచ్చే దారి వైశాల్యం పోయే దారికన్నా తక్కువ ఉండకూడదు. వడ్రంగి పెట్టెను మూసేముందు సెన్సర్‌ను ప్రొజెక్టర్ గాలి పీల్చే జాలీ దగ్గర ఉంచి, తీగను బయటికి లాగి ఉంచమనండి. మొదటి రెండు గంటల సినిమాలో ఆ అంకె 35కు దగ్గరపడితే, గాజు పలక బిగించడం ఆపి గొట్టం పెద్దది చేయించాల్సి ఉంటుంది.