ఏటా అదే నాలుగు లక్షల తొంభై వేలా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది తాడేపల్లిగూడెం. పైపులు, కుళాయిలు, వైర్లు, మోటార్లు అమ్మే కొట్టు పెట్టి ఏడేళ్ళయింది. జీఎస్టీ ఉంది, నెలనెలా కడుతున్నాను. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను మాత్రం తెలిసినాయన ఒకరు పదిహేను వందలు తీసుకుని ఏటా వేసిపెడతారు. నేనెప్పుడూ చదవలేదు. ఖర్చులన్నీ పోను నెలకు 75 వేల దాకా మిగులుతుంది. ఈ మధ్య ఇంటి కోసం 25 లక్షల లోను అడిగితే, బ్యాంకు వాళ్ళు మూడేళ్ళ రిటర్నులు చూసి 11 లక్షలకు మించి రాదన్నారు. ఇంకో భయం కూడా ఉంది. ఇప్పుడందరూ స్కానర్‌కే కొడుతున్నారు. అదంతా డిపార్ట్‌మెంటుకు తెలిసిపోతుంది, స్కానర్ తీసెయ్యమని పక్క కొట్టాయన అంటున్నాడు. ఈ ఏడాది రిటర్ను ఎలా వెయ్యాలి? సీఏ దగ్గరికి వెళ్ళాలా? పాతవి సరిచేసుకోవచ్చా?

జవాబు: మీరు పంపిన మూడు రిటర్నులూ పక్కపక్కన పెట్టుకుని చూశానండీ. ఆదాయం వరసగా 4,88,000, 4,90,000, 4,92,000. ఇది సరే. కింద ఆస్తి అప్పుల గళ్ళున్నాయి చూడండి, అక్కడ అసలు కథ ఉంది. మూడేళ్ళూ కొట్టులో సరుకు 3,50,000. మూడేళ్ళూ చేతిలో నగదు 25,000. మూడేళ్ళూ మీరు హోల్‌సేల్ వాళ్ళకు బాకీ 1,20,000. మార్చి 31 రాత్రి గల్లాపెట్టె లెక్కబెడితే సరిగ్గా పాతికవేలే తేలడం, అదీ వరసగా మూడేళ్ళు! మీరు చదవకపోయినా బ్యాంకు మేనేజరు చదివే ఉంటారు. మోటార్లు, రాగి వైరు కట్టలు పెట్టుకున్న కొట్టులో మూడున్నర లక్షల సరుకంటే ముందు వరస అరలు కూడా నిండవు.

ఈ 4.90 ఎక్కడిదో మీకు తెలియాలి. 2019-20 నుంచి ఐదు లక్షల లోపు ఆదాయానికి రిబేటు వచ్చి పన్ను సున్నా అయింది. అప్పట్నుంచి ఊరూరా రిటర్నులు వేసేవాళ్ళకు ఐదుకు కాస్త తక్కువగా ఒక అంకె వెయ్యడం అలవాటైపోయింది. కిరాణా అయినా, కుట్టు మిషనైనా, మీ పైపుల కొట్టైనా అదే అంకె. ఆ తర్వాత నిబంధన రెండుసార్లు మారింది. కొత్త పన్ను విధానంలో 2023-24 నుంచి ఏడు లక్షల దాకా, 2025-26కి పన్నెండు లక్షల దాకా పన్ను లేదు. మీకు రిటర్ను వేసిపెట్టే ఆయన మాత్రం ఇంకా ఐదు దగ్గరే ఆగిపోయారు. అంటే ఈ ఏడాది కూడా 4.90 వేస్తే మీకు పన్నులో ఒక్క రూపాయి మిగలదు, లోను మాత్రం పోతుంది.

లెక్క చేసి చూపిస్తాను. మీ కాగితాల ప్రకారం 2025-26లో జీఎస్టీ రిటర్నుల్లో చూపిన అమ్మకాలు, పన్ను కాకుండా, 62 లక్షలు. అందులో స్కానర్, చెక్కులు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్లు కలిపి 44 లక్షలు. చేతికి నగదుగా వచ్చింది 18 లక్షలు. మీలాంటి చిన్న వ్యాపారులకు 44ఏడీ అనే సెక్షన్ ఉంది. దీని కింద ఖర్చుల పుస్తకాలు చూపనక్కర్లేదు. బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాల మీద 6 శాతం, నగదు అమ్మకాల మీద 8 శాతం లాభం వచ్చినట్టు లెక్క. 44 లక్షల మీద 2,64,000, 18 లక్షల మీద 1,44,000, మొత్తం 4,08,000. అమ్మకాలు 2 కోట్ల దాకా ఈ వీలుంది. నగదు వసూళ్ళు 5 శాతం మించకపోతే 3 కోట్ల దాకా.

ఈ 4,08,000 దగ్గరే చాలామంది పొరబడతారు. ఇది కనీసం. దీనికంటే తక్కువ చూపకూడదని అర్థం. ఎక్కువ సంపాదించినవాళ్ళు ఎక్కువే చూపాలి, చూపే గడి కూడా ఫారంలో ఉంది. మీకు నెలకు 75 వేలు మిగులుతుంటే ఏడాదికి 9 లక్షలు. అదే వెయ్యండి. కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు, 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం అంటే 20,000, పైన మిగిలిన లక్షకు 10 శాతం అంటే 10,000. మొత్తం 30,000 తేలుతుంది, అదంతా రిబేటులో పోతుంది. కట్టేది సున్నా. పాత విధానమైతే ఇదే 9 లక్షలకు సెస్సుతో కలిపి 96,200 అయ్యేది, ఎల్‌ఐసీ, పిల్లల ఫీజుల మినహాయింపులకు ముందు. కాబట్టి పాత విధానం ఎంచుకునే ఫారం జోలికి వెళ్ళొద్దు. ఉద్యోగస్తులకు పన్నెండు ముప్పావు లక్షల దాకా పన్ను లేదని విని ఉంటారు, అది వాళ్ళకుండే స్టాండర్డ్ డిడక్షన్ వల్ల. వ్యాపారికి గీత పన్నెండు దగ్గరే. షేర్లు అమ్మిన లాభాల్లాంటి ప్రత్యేక రేటు ఆదాయాలకు ఈ రిబేటు రాదు, అవుంటే విడిగా లెక్క చూసుకోవాలి.

6, 8 శాతాల లెక్కలోంచి మళ్ళీ కొట్టు అద్దె, కుర్రాడి జీతం, టాటా ఏస్ డీజిలు తియ్యడానికి లేదు. అవన్నీ పోయాకే అంత మిగిలిందని చట్టం అనుకుంటుంది. ఈ పద్ధతిలోకి వచ్చాక ఏదో ఒక ఏడాది లాభం తగ్గిందని బయటికి వస్తే మళ్ళీ ఐదేళ్ళు లోపలికి రానివ్వరు. మీ ఆదాయం పన్ను పరిమితి దాటి ఉంటే పుస్తకాలు రాయాలి, ఆడిట్ చేయించాలి. మీకిప్పుడు ఆ అవసరం లేదు.

ఇక స్కానర్. పైన లెక్క చూశారుగా, స్కానర్‌కు వచ్చిన డబ్బుకు 6 శాతం, గల్లాపెట్టెలో పడ్డదానికి 8. ఈ లెక్కలో లాభం స్కానర్ వైపే ఉంది. మీ పక్క కొట్టాయన భయానికి మూలం బహుశా 2025 జూలైలో బెంగళూరులో జరిగింది. యూపీఐ వసూళ్ళు చూసి కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చింది, చాలా కొట్ల ముందు 'నో యూపీఐ, క్యాష్ ఓన్లీ' బోర్డులు వేలాడాయి. ఆ గొడవ జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా ఏడాది అమ్మకాల పరిమితి దాటినవాళ్ళ గురించి. మీకు రిజిస్ట్రేషన్ ఉంది, నెలనెలా అమ్మకాలు చూపుతున్నారు. (సరుకు అమ్మేవాళ్ళకు ఈ పరిమితి ఆంధ్రలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలే. ఖమ్మంలో బావమరిది కొట్టు పెడుతున్నాడంటే ఈ తేడా ముందే చెప్పండి.)

స్కానర్ తీసేస్తేనే కొత్త చిక్కులొస్తాయి. అపార్ట్‌మెంటు కట్టే కాంట్రాక్టరు ఒకే బిల్లుకు 2,40,000 నోట్లు తెచ్చి బల్ల మీద పెట్టాడనుకోండి. ఒకరి దగ్గర ఒక రోజులో గానీ, ఒకే లావాదేవీకి గానీ 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు. చేబదులుకు ఈ గీత ఇంకా కింద, 20 వేల దగ్గరే ఉంది. సరుకు దించాలని స్నేహితుడి దగ్గర లక్ష నగదు పట్టుకొచ్చే అలవాటుంటే మానెయ్యండి, ఖాతాకు వేయించుకోండి.

స్కానర్‌తో మీకున్న అసలు ఇబ్బంది వేరే. దాన్ని మీ సేవింగ్స్ ఖాతాకు కట్టారు. ఆ స్టేట్‌మెంటులో మేస్త్రీలు కొట్టిన డబ్బుతో పాటు చీటీ పాడిన 3 లక్షలు, మీ అన్నయ్య పంపిన సొమ్ము, అమ్మగారి పెన్షన్ అన్నీ కలిసిపోయాయి. అవేవీ అమ్మకాలు కావు, కానీ రెండేళ్ళ తర్వాత ఎవరైనా అడిగితే ఏది ఏదో మీకే గుర్తుండదు. ఈ వారమే కరెంట్ అకౌంట్ తెరిచి స్కానర్ దానికి మార్చండి. చీటీ డబ్బుకు చీటీ పుస్తకం పేజీ ఫోటో తీసి పెట్టుకోండి.

రిటర్ను విషయానికొస్తే, మీకు పనికొచ్చేది ఐటీఆర్-4. సుగమ్ అంటారు. 2026 ఏప్రిల్ నుంచి 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చినా, 2025-26 ఆదాయానికి పాత చట్టమే కాబట్టి కంగారు పడకండి. ఫారం నింపేముందు ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో ఏఐఎస్ తెరవండి. మీ పాన్ మీద డిపార్ట్‌మెంటుకు చేరిన సమాచారమంతా అందులో ఉంటుంది, ఎఫ్‌డీ వడ్డీ, ఖాతాలో వేసిన పెద్ద నగదు, మీ జీఎస్టీ అమ్మకాలు కూడా. ఫారంలో అమ్మకాలకు బ్యాంకుది ఒకటి, నగదుది ఒకటి గళ్ళుంటాయి. రిటర్ను వేసే ఆయన మొత్తం తెచ్చి నగదు గడిలో పడేశారు. జీఎస్టీ నంబరు, జీఎస్టీలో చూపిన అమ్మకాలు రాసే పట్టిక వేరే ఉంది. అది మూడేళ్ళూ ఖాళీ. 2024-25లో జీఎస్టీకి 55 లక్షలు చెప్పి ఇన్‌కమ్ ట్యాక్సుకు 30 లక్షలు చెప్పారు కాబట్టి, ఆ పట్టిక నింపితే ఆయన బండారం అదే పేజీలో బయటపడేది.

సరుకు గడికి మాత్రం ఒక ఆదివారం కేటాయించండి. కొట్టు మూసి, ఇంట్లోవాళ్ళను కూడా కూర్చోబెట్టుకుని, అర అరకూ ఒక కాగితం అంటించి, కొన్న ధరకే లెక్క కట్టండి. అమ్మే ధరకు కట్టకూడదు. మార్చి 31 దాటిపోయిందిగా అంటారేమో. ఈ రోజున్న సరుకులోంచి ఏప్రిల్ 1 తర్వాత కొన్నది తీసేసి, ఆ తర్వాత అమ్ముడుపోయినదాన్ని కొన్న ధరకు కలపండి. మార్చి 31 నాటి సరుకు తేలుతుంది. మేస్త్రీలకిచ్చిన అరువుల పుస్తకం చూసి రావాల్సిన బాకీలు రాయండి. ఒకసారి చేస్తే వచ్చే ఏడాది సగం పని.

పాత రిటర్నుల సంగతి. 2023-24లో మీకు నిజంగా మిగిలింది ఆరున్నర లక్షలన్నారు. ఆ ఏడాది నిజం చెప్పినా కొత్త విధానంలో పన్ను సున్నాయే. 2024-25లో 7,60,000 అన్నారు. అప్పటి శ్లాబుల ప్రకారం పన్ను, సెస్సు కలిపి 27,040. దీన్ని అప్‌డేటెడ్ రిటర్ను ద్వారా సరిచేసుకోవచ్చు. 2026 జూన్‌లో వేస్తే వడ్డీలు, వాటన్నిటి మీద 25 శాతం అదనం కలిపి సుమారు 39 వేలవుతుంది. నా మాటయితే కట్టెయ్యండి. రెండు శాఖలకు రెండు అంకెలు చెప్పిన సంవత్సరమది, ఎప్పటికైనా అడిగేది దాని గురించే. 2027 మార్చి 31 దాటితే ఆ 25 శాతం కాస్తా 50 అవుతుంది.

అయితే ఆ అప్‌డేటెడ్ రిటర్ను తీసుకుని మర్నాడే బ్యాంకుకు పరిగెత్తకండి. రిటర్ను ఏ తేదీన వేశారో దాని మీదే ఉంటుంది. లోను కోసమే పెంచారని వాళ్ళకు అనుమానం వస్తుంది. 11 లక్షలు ఎలా వచ్చాయో చూడండి. 4,90,000 అంటే నెలకు 40,800. అందులో సగం వాయిదాలకు పోవచ్చని లెక్కేస్తే 20,400. టాటా ఏస్ వాయిదా 11,000 పోను మిగిలింది 9,400. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళకు లక్షకు 868 చొప్పున అది దాదాపు 11 లక్షలు. అదే 9 లక్షల ఆదాయానికి సగం 37,500, బండి వాయిదా పోను 26,500. సుమారు 30 లక్షలు. ఈ ఏడాది రిటర్ను, వచ్చే ఏడాది రిటర్ను సరిగ్గా వేసి 2027లో అడగండి. అప్పటికి బండి వాయిదాలు తీరిపోతే ఇంకా మంచిది. అంతలో ఎవరైనా భార్య పేరున ట్యూషన్ల ఆదాయం చూపించి ఇద్దరికీ కలిపి లోను ఇప్పిస్తామంటే దండం పెట్టి వచ్చెయ్యండి. ఆవిడ కొట్టులో కూర్చుంటారని, ట్యూషన్లు చెప్పరని వీధంతా తెలుసు.

సీఏ దగ్గరికి ఈ ఒక్కసారి వెళ్ళమంటాను. ఆడిట్ అక్కర్లేదు, ఐటీఆర్-4 వచ్చే ఏడాది మీరే వేసుకోగలరు. కానీ అప్‌డేటెడ్ రిటర్ను, సరుకు లెక్క, మొదటి బ్యాలెన్స్ షీటు తెలిసినవాళ్ళ చేత చేయిస్తే రాత్రి నిద్ర పడుతుంది. బ్యాంకుకిచ్చే సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ అనే నంబరుందో లేదో చూసుకోండి. అది కొట్టి బ్యాంకు వాళ్ళు అసలో నకిలీయో చూసుకోగలరు.

అన్నిటికంటే ముందు ఆ పదిహేను వందల ఆయన దగ్గరికి వెళ్ళి పోర్టల్ పాస్‌వర్డ్ తెచ్చుకోండి. మీరు పంపిన ప్రొఫైల్ పేజీలో ఫోన్ నంబరు చివర మీ అంకెలు లేవు, ఈమెయిలూ మీది కాదు. ఇన్నాళ్ళూ డిపార్ట్‌మెంటు మీకేమైనా రాసి ఉంటే అదంతా ఆయన ఫోనుకే వెళ్ళి ఉంటుంది. రెండూ మార్చి, నోటీసుల పేజీలో పాతవేమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే అప్‌డేటెడ్ రిటర్ను వెయ్యకముందే సీఏకు చూపించండి.