అగ్నిపర్వతం చూసొద్దామనుకుంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: దసరా సెలవులకి బాలి వెళ్తున్నాం. అక్కణ్నుంచి ఇజెన్ అగ్నిపర్వతానికి తీసుకెళ్లి నీలి మంట చూపిస్తామని ట్రావెల్స్ వాళ్లు అంటున్నారు. మా అమ్మగారికి 62 ఏళ్లు, ఉబ్బసం ఉంది. మాస్కులు వాళ్లే ఇస్తారట. ఆవిణ్ని తీసుకెళ్లొచ్చాండీ?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: బిలం దాకా వద్దు. నడవలేనివాళ్లని తోపుడు బండి మీద కూర్చోబెట్టి పైకి చేర్చేవాళ్లు అక్కడున్నారు కాబట్టి ఎక్కడం ఎలాగోలా అయిపోతుంది. ఇబ్బందంతా గాలితోనే. ఆ బిలంలోంచి నిత్యం సల్ఫర్ డయాక్సైడ్ పొగ లేస్తుంది. పది లక్షల పాళ్ల గాలిలో అర పాలు ఉన్నా చాలు, ఉబ్బసం ఉన్నవాళ్లకి కొద్ది నిమిషాల్లో ఊపిరి పట్టేస్తుంది. గాలి ఒక్కసారి మీ వైపు తిరిగితే అంతకన్నా చాలా ఎక్కువే మీద పడుతుంది. ఇన్‌హేలర్ ఉంది కదా అన్న ధైర్యం అక్కడ పనికిరాదు.

ఇచ్చే మాస్కు ఏ రకమో డబ్బు కట్టకముందే అడగండి. ఎన్-95 బూడిదని ఆపుతుంది, వాయువుని ఆపలేదు. ఆమ్ల వాయువుల కోసం చేసిన కార్ట్రిడ్జ్‌లు రెండు పక్కలా బిగించిన రబ్బరు మాస్కు కావాలి. వాడి వాడి అయిపోయిన కార్ట్రిడ్జ్ ఉన్నా లేనట్టే. మగవాళ్లకి గడ్డం ఉంటే రబ్బరు అంచు చర్మానికి అతుక్కోదు, సందుల్లోంచి పొగ దూరుతుంది. ముందురోజే గీసుకోవాలి.

మిగతావాళ్లు వెళ్లే దారి ఇది. బాలిలో గిలిమానుక్ రేవు దగ్గర ఫెర్రీ ఎక్కి, జావాలో కెతపాంగ్‌లో దిగాలి. జావా గడియారం బాలి కంటే గంట వెనక ఉంటుంది, డ్రైవరు చెప్పిన టైము ఏ దీవిదో తేల్చుకోండి. అర్ధరాత్రి దాటాక పాల్తుడింగ్ దగ్గర నడక మొదలవుతుంది. మూడు కిలోమీటర్లు, దాదాపు అంతా ఎక్కుడే, గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. నీలి మంట కావాలంటే అంచు నుంచి మళ్లీ బిలంలోకి రాళ్ల దారిన దిగాలి. అసలు పొగ అక్కడే. ఆ దారి డెబ్బై, ఎనభై కిలోల గంధకం భుజాన మోసే కూలీలది. వాళ్లు ఎదురైతే ఫొటోల కోసం అడ్డం నిలబడకుండా పక్కకి జరగండి. మండేది గంధకం ఆవిరి, లావా కాదు. వెలుతురు వస్తే కనపడదు కాబట్టే ఈ రాత్రి ప్రయాణం. కింద పచ్చగా కనిపించే చెరువు నీళ్లలో చెయ్యి పెట్టకండి, అది ఘాటైన యాసిడ్.

అమ్మగారిని బాలిలోనే కింతామణికి తీసుకెళ్లండి. రోడ్డు పక్కన కూర్చుని బతూర్ అగ్నిపర్వతాన్నీ, పక్కనున్న చెరువునీ, పాత లావా పారిన నల్లటి నేలనీ హాయిగా చూడొచ్చు. నన్నడిగితే ఇజెన్ కంటే అక్కడే అగ్నిపర్వతం ఆకారం బాగా అర్థమవుతుంది.

ప్రశ్న: ఇన్ని యంత్రాలు పెట్టారు కదా, పేలబోయేది ముందే తెలియదా? హెచ్చరిక లేకపోతే వెళ్లిపోవచ్చా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: కొన్ని పేలుళ్లు తెలుస్తాయి. కరిగిన రాయి, అంటే మాగ్మా, కిందనుంచి పైకి రావాలంటే దారి చీల్చుకోవాలి. అప్పుడు చిన్న చిన్న భూకంపాలు వస్తాయి, కొండ ఒళ్లు ఉబ్బుతుంది, పొగలో సల్ఫర్ డయాక్సైడ్ పెరుగుతుంది. ఫిలిప్పీన్స్‌లో పినటూబో 1991 జూన్ 15న బద్దలయ్యేలోపు వేలాదిమందిని ఖాళీ చేయించగలిగింది ఈ గుర్తులు చూసే.

యాత్రికుల్ని ఎక్కువగా పొట్టనపెట్టుకునేది రెండో రకం, ఆవిరి పేలుడు. బిలం అడుగున కొద్ది లోతులో నీళ్లుంటాయి. వేడికి అవి ఆవిరి కావాలని చూస్తుంటే పైన బురద, ఖనిజాలు పేరుకుని దారి మూసేస్తాయి. ఆ మూత ఎప్పుడు లేస్తే అప్పుడు నీళ్లన్నీ ఒక్క క్షణంలో ఆవిరై రాళ్లని ఎగరగొడతాయి. కొత్తగా మాగ్మా కదలక్కర్లేదు కాబట్టి యంత్రాలకి అందే గుర్తులు తక్కువ. జపాన్‌లో ఒంతాకే 2014 సెప్టెంబరు 27న ఇలాగే పేలి 63 మంది పోయారు. ఆ రోజు హెచ్చరిక స్థాయి అన్నిటికన్నా కింది మెట్టు. న్యూజిలాండ్ వైట్ ఐలాండ్‌లో 2019 డిసెంబరు 9న దీవి మీద 47 మంది ఉంటే 22 మంది చనిపోయారు. అప్పటికి అక్కడ, సున్నా నుంచి అయిదు దాకా ఉన్న స్థాయిల్లో, 2 నడుస్తోంది.

కాబట్టి స్థాయి తక్కువంటే ప్రమాదం లేదని లెక్క కాదు. ఇండోనేషియాలో నాలుగు మెట్లు: నార్మల్, వస్పదా, సియాగా, ఆవాస్. ‘మాగ్మా ఇండోనేషియా’ అనే ప్రభుత్వ యాప్‌లో ఏ కొండ ఏ మెట్టులో ఉందో, బిలం నుంచి ఎన్ని కిలోమీటర్ల లోపలికి వెళ్లకూడదో రాస్తారు. మెట్టు కంటే ఆ కిలోమీటర్ల అంకె ముఖ్యం. సుమత్రాలో మరాపి 2023 డిసెంబరులో పేలినప్పుడు మూడు కిలోమీటర్ల నిషేధం ముందునుంచే ఉంది. అయినా జనం ఎక్కారు, 24 మంది దిగిరాలేదు.

బిలం అంచున ఉండే సమయాన్ని తగ్గించడమే మన చేతిలో ఉన్న పని. చూడండి, ఫొటో తీసుకోండి, వచ్చేయండి. టిఫిన్ డబ్బా అక్కడ విప్పకండి. రాళ్లు పడుతుంటే తల మీద బ్యాగు పెట్టుకుని పెద్ద బండ వెనకో, గుడిసెలోకో దూరాలి. వెనక్కి చూడకుండా పరుగెత్తితే పడే రాయి కనపడదు. లోయల్లోకి, వాగుల్లోకి మాత్రం దిగొద్దు. మండే బూడిద మేఘం దిగేది వాటి వెంటే, దాన్ని కారు కూడా దాటలేదు. పల్లపు గుంటల్లో కార్బన్ డయాక్సైడ్ కూడా పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు.

ప్రశ్న: మా ఊళ్లో ఫెర్రో అల్లాయిస్ ఫర్నేసు నుంచి స్లాగు వదలడం చూస్తుంటాం. లావా దానికంటే వేడా? మరి కొన్నిచోట్ల లావా మెల్లగా పారుతుంది, కొన్నిచోట్ల ఎందుకు పేలుతుంది?
– ఒక కార్మికుడు, గరివిడి

జవాబు: మీరు చూసే స్లాగే ఎక్కువ వేడి, 1,300 డిగ్రీలు దాటుతుంది. హవాయిలో పారే బసాల్ట్ లావా 1,100 నుంచి 1,200. సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, బాగా ఎక్కువున్నదైతే 700 నుంచి 900 మధ్యే ఉంటుంది, కానీ ప్రమాదం దానితోనే.

చోడి అంబలి ఉడికేటప్పుడు బుడగలు తేలిగ్గా పైకొచ్చి చితికిపోతాయి. అదే గట్టిపడితే బుడగ లోపలే ఇరుక్కుని, పైకొచ్చేసరికి టప్పున చిమ్మి చెయ్యి కాలుస్తుంది. మాగ్మాలో కరిగి ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ లోతున ఒత్తిడికి అణిగి ఉంటాయి. పైకొస్తున్నకొద్దీ ఒత్తిడి తగ్గి బుడగలు కడతాయి. సిలికా 50 శాతం దగ్గరుంటే మాగ్మా పలచన, వాయువు జారిపోతుంది. 70 శాతం ఉంటే బాగా చిక్కన, వాయువు మాగ్మానే ముక్కలు చేసుకుని బయటికొస్తుంది. బూడిద అని మనం పిలిచేది ఆ ముక్కలే. కట్టె బూడిద కాదది, రాయీ గాజూ పొడి. కంట్లో పడితే గీరుతుంది, అందుకే కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు అక్కడ కళ్లజోడుకి మారాలి.

ప్రశ్న: మహేంద్రగిరి ఒకప్పటి అగ్నిపర్వతమని మా ఊళ్లో అంటారు. నిజమేనా?
– ఒక విద్యార్థిని, మందస

జవాబు: కాదమ్మా. తూర్పు కనుమల్లో ఉన్నవి ఖోండలైట్, చార్నకైట్ లాంటి రాళ్లు. భూమి లోతున వేడికీ ఒత్తిడికీ రూపం మారి, పైపొరలు అరిగాక బయటపడ్డాయి. మన రాష్ట్రంలో లావా చూడాలంటే రాజమండ్రి దగ్గరికి వెళ్లు. దక్కన్ పీఠభూమిని కప్పిన ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లావా రాయి అక్కడ క్వారీల్లో నల్లగా కనిపిస్తుంది.

ప్రశ్న: పాస్‌పోర్ట్ లేకుండా మన దేశంలోనే చూడలేమా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఇప్పటికీ మేలుకుని ఉన్నది ఒక్కటే, అండమాన్‌లో బ్యారెన్ దీవి. పోర్ట్ బ్లెయిర్‌కి, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, ఈశాన్యంగా దాదాపు 140 కిలోమీటర్లు. చాలాకాలం నిద్రపోయి 1991లో లేచింది, అప్పటినుంచి మధ్యమధ్య బూడిద, లావా కక్కుతోంది. దీవి మీద దిగనివ్వరు, ఓడలోంచి చూడాల్సిందే. మామూలు టూరిస్టు బోట్లు అంత దూరం పోవు కాబట్టి, బ్యారెన్‌కి ఓడ ఖాయమయ్యాకే విమానం టికెట్ కొనుక్కోండి. అక్టోబరు, నవంబరులు మాత్రం పెట్టుకోకండి. ఆ నెలల్లో బంగాళాఖాతం ఎలా ఉంటుందో తిత్లీ తుపానుని చూసిన మన పక్కవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.