వీధికి తెలియకుండా ఇంటి పనా?

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. పాత ఇళ్లు కొని, బాగుచేయించి అమ్ముతుంటాను. మొన్న ప్రొద్దుటూరులో చేసిన ఇంటికి పని మొదలైన రోజు నుంచీ ‘ఎంతకు కొన్నావు, ఎంతకు అమ్ముతావు’ అని ఒకటే ఆరా. దుమ్మని ఒకరు, చప్పుడని ఒకరు గొడవ. చివరికి ఎవరో అర్జీ కూడా పెట్టారు. ఇప్పుడు కడప పాత ఊళ్లో ఒక ఇల్లు తీసుకున్నాను. నేల కడప బండలు, ఒకవైపు గోడ పక్కింటితో ఉమ్మడి. ఎవరి కంటా పడకుండా త్వరగా ముగించాలంటే ఎలా? రాత్రిపూట చేయించొచ్చా?
— ఓ పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: రాత్రి మాట మరిచిపోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇళ్ల మధ్య శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని రూల్ ఉంది. ఒక్క సుత్తి దెబ్బకే అది దాటిపోతుంది. పగలు పట్టించుకోనివాడు కూడా అర్ధరాత్రి చప్పుడైతే లేచి వస్తాడు.

అయినా మన వీధుల్లో ఇల్లు చేతులు మారిందన్న కబురు, కాగితాలు మీ చేతికి రాకముందే టీకొట్టుకు చేరి ఉంటుంది. దాన్ని ఆపలేరు. జనం మీ గుమ్మం దాకా రాకుండా మాత్రం చూసుకోవచ్చు. వాళ్లను రప్పించేది వీధిలో పోసిన ఇసుక, కటింగ్ మెషిన్ దుమ్ము. వంటగట్టు గ్రానైట్‌కైనా, అరల బండలకైనా కొలతలిచ్చి కొట్టు దగ్గరే కోయించండి. ఇంటి ముందు పొడిగా కోస్తే ఆ దుమ్మంతా పక్కింటి మిద్దె మీద ఆరేసిన వడియాల మీద పడుతుంది. ఆ తర్వాత ఆవిడ అనే మాటలకు మీ దగ్గర జవాబుండదు. పగలగొట్టిన పెళ్లలు సిమెంటు సంచుల్లో నింపి లోపలే పేర్చి, సాయంత్రం ట్రాక్టర్‌కు ఎత్తించేయండి. ఇసుక కూడా ఏ రోజుది ఆ రోజే.

పగలగొట్టే పనంతా ముందే, వరసగా అయిపోవాలి. ప్లంబర్‌ను, ఎలక్ట్రీషియన్‌ను ఒకేరోజు పిలిచి, సుద్దముక్కతో గోడ మీద గీతలు గీయించండి. పూత ఆరాక ‘ఇక్కడో పాయింటు మర్చిపోయాం సార్’ అంటే మళ్లీ సుత్తి, మళ్లీ గొడవ. కడప ఎండలకు మధ్యాహ్నం అందరూ నడుం వాలుస్తారు. సుత్తి పని 9 నుంచి 1 లోపు పెట్టుకుని, తర్వాత పూత, వైర్లు లాగడం చేయించండి.

ఉమ్మడి గోడ దగ్గర మాత్రం గుట్టు పనికిరాదు. పాత ఊళ్లో ఇవి చాలావరకు రాయి, మట్టి కట్టుబడి. ఇటు ఉలి పెట్టి కొడితే అటు దేవుడి పటం కిందపడుతుంది. దానికి గాడి కొట్టించకుండా వైర్లు పైపైనే పట్టీలో పంపండి. మొదలుపెట్టే ముందే పక్కింటికి వెళ్లి, ‘అన్నా, కొన్నాళ్లు కాస్త చప్పుడుంటుంది’ అని చెప్పి, ఆయన ఎదురుగానే వాళ్ల వైపు గోడను ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. ఏ పగులు పాతదో రేపు తగాదా ఉండదు. అర్జీలు పెట్టేది ఎక్కువగా ఎవరూ చెప్పలేదన్న కోపంతోనే.

బండలు పీకి టైల్స్ వేద్దామనుకుంటున్నారేమో, వద్దు. పీకడమే పెద్ద చప్పుడు, పెద్ద ఖర్చు. కదిలినవి మాత్రం తీసి మళ్లీ కూర్చోబెట్టి, సందులు నింపి, మెషిన్ పాలిష్ పట్టించండి. నల్లగా నిగనిగలాడే ఆ నేల చూసి కొనేవాళ్లున్నారు. ఒక్క జాగ్రత్త: పాలిష్ బురద కాలువలోకి వదలొద్దు. అడుగున పేరుకుని గట్టిపడుతుంది, నీళ్లు ఎదురు తన్ని పక్కవాళ్ల వాకిట్లోకి వస్తాయి. తొట్టిలో తేర్చి, చిక్కటిది సంచికెత్తించండి.

వీధివైపు రంగు అన్నిటికన్నా చివర. అది పడగానే బేరగాళ్లు, బ్రోకర్లు దిగుతారు.

వెల్ల, పూత, నేల పనులు వేరు, గోడ తీసి గది పెంచడం, పైన అంతస్తు వేయడం వేరు. రెండోదానికి కార్పొరేషన్ అనుమతి ముందే తెచ్చుకోండి. అది లేకుండా గుట్టుగా కానిచ్చే ఉపాయం నన్నడగొద్దు.

బిల్లులన్నీ దాచండి. కొన్న 24 నెలల్లోపు అమ్మితే ఆదాయపు పన్నుకు ఆ లాభాన్ని మామూలుగా స్వల్పకాలికంగా లెక్కేస్తారు. ఇల్లు మెరుగుపరచడానికి పెట్టిన ఖర్చు ఎంతవరకు తీసేస్తారో అమ్మకానికి ముందే ఆడిటర్‌ను అడగండి. మేస్త్రి చీటీ మీద రాసిచ్చిన లెక్క అక్కడ చెల్లకపోవచ్చు, సిమెంటు కొట్టు బిల్లు అడిగి తీసుకోండి.