భార్య పోయాక రాసిన పద్యాల్ని విరహగీతాలు అనొచ్చా?

సందేహం: మా అమ్మమ్మ పోయాక తాతగారు ఆవిడ మీద రాసుకున్న పద్యాల్ని చిన్న పుస్తకంగా వేస్తున్నాం. ‘విరహ గీతాలు’ అని పేరు పెడితే మామయ్య తప్పంటున్నారు. విరహమన్నా వియోగమన్నా ఒకటే కదా? నోట్‌బుక్ మొదట్లో అమ్మమ్మ పురిటికి పుట్టింటికెళ్ళినప్పుడు రాసినవి కూడా కొన్ని ఉన్నాయి. – ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్

సమాధానం: మీ మామయ్యగారి మాటే కరెక్టండీ. మాతృవియోగం, సతీవియోగం అని పేపర్లో చూస్తూనే ఉంటాం, మాతృవిరహం అని ఎవరైనా రాస్తారా? వియోగం అనే మాట మనిషి ఊళ్ళో లేకపోయినా చెల్లుతుంది, అసలు లోకంలోనే లేకపోయినా చెల్లుతుంది. విరహం అలా కాదు, అవతలి మనిషి బతికుండాలి, మళ్ళీ కలుస్తామన్న ఆశ ఉండాలి. భరతుడు నాట్యశాస్త్రంలో విప్రలంభ శృంగారం (ప్రియుల ఎడబాటు) సాపేక్షం, కరుణ (పోగొట్టుకున్న శోకం) నిరపేక్షం అని తేల్చేశాడు, అంటే మొదటిదాంట్లో ఎదురుచూపు ఉంటుంది, రెండోదాంట్లో ఎదురుచూడ్డానికి ఏమీ మిగల్లేదు.

కాళిదాసు రెండూ రాశాడు, పక్కపక్కన పెట్టుకుని చదవండి. మేఘదూతంలో యక్షుడికి ఏడాది శాపం, ఇంకా నాలుగు నెలలు ఓర్చుకో అని భార్యకి కబురు పంపిస్తాడు, అక్కడ వాళ్ళ ఊరు అలకాపురిలో ఆవిడ మిగిలిన నెలల్ని గడప మీద పూలు పెట్టి లెక్కేసుకుంటూ ఉంటుంది. లెక్క ఉందంటే గడువుందన్నమాట, అదీ విరహం. రఘువంశం ఎనిమిదో సర్గలో అజుడికి ఆ లెక్కే లేదు. పూలదండ మీద పడి భార్య ఇందుమతి ప్రాణం పోయింది, ఇల్లాలివీ నువ్వే, సలహా చెప్పే మంత్రివీ నువ్వే, స్నేహితురాలివీ నువ్వే, కళల్లో నా ప్రియశిష్యురాలివీ నువ్వే, నిన్ను తీసుకుపోయి మృత్యువు నాకింకేం మిగిల్చింది అని ఏడుస్తాడు. నాకు ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది.

మన తెలుగులో అయితే క్రియ దగ్గరే చాలావరకు తెలిసిపోతుంది. విరహంలో ఉన్నవాడు ‘ఎప్పుడొస్తావు’ అంటాడు, పోగొట్టుకున్నవాడు ‘ఈ వేళకి వచ్చేదానివి, ఇలా పిలిచేదానివి’ అంటాడు. తాతగారి పద్యాల్లో ఈ ‘-ఏదానివి’ ఎన్నిచోట్ల ఉందో చూడండి.

మధ్యలో ఉండేవీ ఉన్నాయి. మన్మథుడు బూడిదయ్యాక రతీదేవి ఏడుపు అచ్చంగా శోకమే, కానీ మళ్ళీ కలుస్తారని ఆకాశవాణి చెప్పగానే దాని రంగు మారిపోతుంది. ఇలా చావు తర్వాత కూడా కలయిక ఉందనుకునే దాన్ని ఆలంకారికులు కరుణ విప్రలంభం అన్నారు.

మన హైదరాబాద్‌లో ఉర్దూ తెలిసినవాళ్ళకి ఇది ఇంకా ఈజీ. ప్రియుల ఎడబాటుకి గజల్, చనిపోయినవాళ్ళకి మర్సియా. ఈ ఊరు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో రెండూ రాశాడు, ఒకదాని పేరు ఇంకోదానికి పెట్టలేదు.

పుస్తకానికి ‘స్మృతి గీతాలు’ అని పెట్టుకోండి, ‘వియోగ గీతాలు’ అన్నా తప్పులేదు. విశ్వనాథ సత్యనారాయణగారు భార్య పోయాక రాసిన కావ్యానికి ఆవిడ పేరే పెట్టుకున్నారు, వరలక్ష్మీ త్రిశతి అని, మీ అమ్మమ్మగారి పేరుతో అలా పెట్టినా నాకు ఇష్టమే. పురిటికెళ్ళినప్పుడు రాసిన పద్యాలున్నాయన్నారు చూడండి, అవి మాత్రం నిజంగా విరహమే, వాటిని విడిగా మొదట్లో వేసి ‘విరహం’ అని హెడ్డింగ్ ఇవ్వండి, తాతగారు తేదీలు వేసుంటే డీటీపీ వాళ్ళు తీసెయ్యకుండా చూసుకోండి.