గానుగ ఖర్చా, ఆస్తా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో చిన్న గానుగ నూనె మిల్లు. గత నవంబరులో జీఎస్టీ కాక 8 లక్షల రూపాయలు పెట్టి రెండో గానుగ కొని, ఆ నెలలోనే నడపడం మొదలుపెట్టాం. లారీ కిరాయి 20 వేలు, సిమెంటు దిమ్మె, బిగింపు కలిపి 40 వేలు అయ్యాయి. పాత గానుగకు రోకలి మార్పించడానికి మరో 18 వేలు ఖర్చయింది. డబ్బంతా చేతిలోంచి వెళ్లిపోయినా, ఈ ఏడాది లాభంలోంచి కొంత మాత్రమే తీసేయవచ్చని ఆడిటర్ గారు అంటున్నారు. ఇది సరైనదేనా?

జవాబు: సరైనదే. డబ్బు ఒక్కసారే చెల్లించినా ఆ గానుగ మీకు ఏళ్ల తరబడి పనిచేస్తుంది కాబట్టి, ఖరీదంతా ఒకే ఏడాది ఖర్చుగా రాస్తే ఈ ఏడు లేని నష్టం, వచ్చే ఏడు లేని లాభం లెక్కల్లో కనబడతాయి. ఆ లెక్కలు నమ్ముకుని నూనె ధర కట్టుకుంటే నష్టపోయేది మీరే.

గానుగ ఖరీదంటే బిల్లులో ఉన్న ధర ఒక్కటే కాదు. దాన్ని మిల్లుకు చేర్చి, పనిచేసే స్థితికి తెచ్చేదాకా అయిన కిరాయి, దిమ్మె, బిగింపు ఖర్చులూ అందులో చేరతాయి గనుక, మీ ఆస్తి విలువ 8,60,000 రూపాయలు. జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటే, అంటే అమ్మకాలపై మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుంటే, దాన్ని ఖరీదులో కలపకూడదు, ఎందుకంటే ఒకే పన్నుపై రెండు లాభాలు చట్టం ఇవ్వదు.

ఆదాయపన్ను లెక్కలో ఇలాంటి యంత్రాలకు సాధారణంగా తరుగుదల, అంటే ఖరీదులోంచి ఏటా ఖర్చుగా రాసుకునే భాగం, ఏడాదికి 15 శాతం. మీ గానుగ మార్చి 31 నాటికి 180 రోజులు నడవలేదు కనుక మొదటి ఏడాది అందులో సగం, అంటే 64,500 రూపాయలే వస్తుంది. మిగిలిన 7,95,500 మీద వచ్చే ఏడాది పూర్తి 15 శాతం, అంటే 1,19,325 తీసుకోవచ్చు. మిల్లు ఉన్న స్థలానికి మాత్రం తరుగుదల ఉండదు.

రోకలి సంగతి వేరు. అరిగిపోయిన భాగాన్ని మార్చి పాత గానుగను మునుపటిలా నడిపించుకోవడం మరమ్మతు మాత్రమే కాబట్టి, ఆ 18 వేలు మొత్తం ఈ ఏడాది ఖర్చే. అలాగే మిల్లులో ఉన్న వేరుశనగలు, నూనె డబ్బాలు, నూనె తీశాక మిగిలే చెక్క కంటికి కనబడే ఆస్తులే అయినా అమ్మకానికి ఉద్దేశించినవి గనుక సరుకు నిల్వ కింద చూపాలి. వాటికి తరుగుదల కట్టరు.

ఒక్క విషయం ఇప్పుడే సరిచూసుకోండి. దిమ్మె కట్టిన మేస్త్రీకి గానీ, బిగించిన మెకానిక్‌కు గానీ ఒకే రోజున 10,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చి ఉంటే, ఆ మొత్తాన్ని ఆదాయపన్ను లెక్కలో గానుగ ఖరీదుకు కలుపుకోనివ్వరు. అప్పుడు పైన చూపిన తరుగుదల కూడా తగ్గుతుంది కనుక, చెల్లింపుల రసీదులు, బ్యాంకు పాస్‌బుక్కు తీసుకెళ్లి ఆడిటర్ గారికి చూపించండి.