రెజ్లింగ్ పిల్లలు వెస్ట్ పాయింట్ (అమెరికా ఆర్మీ అకాడమీ), నేవీ అకాడమీలకి ఎందుకు వెళ్తారు?

ముఖ్యంగా డబ్బు లెక్క అండి. అమెరికాలో 2025 వరకు డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) రెజ్లింగ్ టీమ్ మొత్తానికి 9.9 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, ముప్పై మంది దాకా ఉండే టీమ్‌లో కోచ్ వాటిని ముక్కలు చేసి పంచేవాడు, అందుకే మంచి కుర్రాడికి కూడా సగమో పావో వచ్చి మిగతాది ఇంట్లోవాళ్ళు కట్టుకోవాల్సి వచ్చేది. వెస్ట్ పాయింట్, అన్నాపోలిస్ (నేవీ), ఎయిర్ ఫోర్స్ అకాడమీల్లో ఆ గొడవే లేదు, ట్యూషన్, హాస్టల్, భోజనం అన్నీ ప్రభుత్వమే చూసుకుంటుంది, పైగా నెలనెలా కొంత జీతం, చదువవగానే ఆఫీసర్ ఉద్యోగం. బదులుగా కనీసం 5 ఏళ్ళు సర్వీస్ చెయ్యాలి.

కానీ కోచ్ ఇష్టపడితే సీటొచ్చేయదు. మార్కులు, మెడికల్, ఫిట్‌నెస్ టెస్ట్ పాసవ్వాలి, సాధారణంగా సెనేటరో కాంగ్రెస్ సభ్యుడో నామినేట్ చెయ్యాలి. మార్కులు కాస్త తగ్గితే ముందు ఒక ఏడాది ప్రెప్ స్కూల్‌కి పంపే దారి కూడా ఉంది. అక్కడున్న మన తెలుగువాళ్ళు గమనించాల్సింది, పిల్లాడికి అమెరికా పౌరసత్వం ఉండి తీరాలి, గ్రీన్ కార్డ్ చాలదు.

ఆట దెబ్బతింటుందనే భయం నిజమే, పొద్దున్నే డ్రిల్, బరువైన క్లాసులు, ఆ తర్వాతే మ్యాట్. అయినా రెజ్లర్ వయట్ హెండ్రిక్సన్‌ని చూడండి, ఎయిర్ ఫోర్స్‌లో డిగ్రీ అయ్యాక కాలేజీ ఆటలో ఇంకా మిగిలిన సీజన్‌కి ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళి 2025 జాతీయ కాలేజీ పోటీల హెవీవెయిట్ ఫైనల్లో ఒలింపిక్ చాంపియన్ గేబుల్ స్టీవ్‌సన్‌నే ఓడించాడు. క్రమశిక్షణ ఇష్టపడే పిల్లాడైతే నేను నిస్సంకోచంగా వెళ్ళమంటాను, ఆట కోసం మాత్రమే అయితే వద్దంటాను.