వీల్‌చైర్‌లో కూర్చుని అందుకోవాలంటే స్విచ్చులు, ప్లగ్ పాయింట్లు ఎంత ఎత్తులో పెట్టించాలి?

అమ్మగారు వీల్‌చైర్ వాడుతున్నారు, ఇంట్లో వైరింగ్ మళ్ళీ చేయిస్తున్నాం, ఎత్తులు ఎంత పెట్టమంటారని అడిగారు. ముందు అంకెలు చెప్పేస్తాను. స్విచ్చులు నేల నుంచి 36–42 అంగుళాల మధ్య పెట్టించండి. ప్లగ్ పాయింట్లు 18 అంగుళాలకి తగ్గకూడదు, 20–24 అయితే ఇంకా హాయి. కాకపోతే అంకెలు తెలిసి కూడా మేం రెండుసార్లు గోడలు పగలగొట్టించుకున్నాం. మీకు పనికొచ్చేది ఆ కథే.

మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. వీల్‌చైర్ అనగానే మాకు తట్టింది ఒకటే, స్విచ్చులు కిందకి దించాలని. అన్నీ దించేశాం. ప్లగ్ పాయింట్లు ఎలాగూ కిందే ఉన్నాయి కదా అని వదిలేశాం. అవి నేలకి 10 అంగుళాల ఎత్తులో ఉండేవి. ఒకరోజు సాయంత్రం ఆయన ఫోన్ చార్జర్ పీకబోయి ముందుకి వంగితే కుర్చీ వెనక చక్రాలు పైకి లేచాయి. పక్కన మంచం ఉంది కాబట్టి ఎడమచేత్తో అంచు పట్టుకుని ఆగగలిగారు. (కుర్చీని కాస్త వెనక్కి జరిపితే ముందున్న చిన్న చక్రాలు ముందుకి తిరుగుతాయి, అప్పుడు వంగితే కుర్చీ అంత తేలిగ్గా తూలదు. ఫిజియోథెరపిస్ట్ ఈ మాట తర్వాతెప్పుడో చెప్పారు.) పైన ఉన్నది అందకపోతే ఎవరినో పిలుస్తారు. కింద ఉన్నది మాత్రం అందేలాగే కనిపిస్తుంది, అందుకే వంగుతారు.

ఈ విషయంలో అందరూ ఎక్కువగా చెప్పేవి అమెరికా, బ్రిటన్ కొలతలు. అమెరికాలో 2010 నాటి ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) ప్రమాణాల ప్రకారం, అడ్డేమీ లేనిచోట చేత్తో వాడేది ఏదైనా 15 నుంచి 48 అంగుళాల మధ్య ఉండాలి. అవి ముఖ్యంగా ప్రజలు వచ్చిపోయే భవనాల కోసం రాసినవి, కానీ ఇంటికీ లెక్క చూసుకోవచ్చు. అంతకుముందు 1991 నాటి ప్రమాణాల్లో పక్కకి చెయ్యి చాపి అందుకునే వాటికి 54 అంగుళాల దాకా వీలుండేది. బాగా పొట్టిగా ఉండేవాళ్ళకి అది అందదని 48కి దించారు. బ్రిటన్‌లో కొత్త ఇళ్ళకి స్విచ్చులు, సాకెట్లు 450 నుంచి 1200 మి.మీ. మధ్య ఉండాలంటారు. అంటే కింది హద్దు దాదాపు 18 అంగుళాలు. నా ఓటు బ్రిటన్‌కే. 15 అంగుళాలు రూల్‌కి సరిపోవచ్చు గానీ, నడుము పట్టు లేని మనిషి అంత కిందనుంచి బిగుతైన ప్లగ్‌ని ఒంటిచేత్తో లాగాలంటే కష్టం.

రెండోసారి గోడ పగిలింది కొలత మొదలుపెట్టిన చోటు వల్ల. ఎలక్ట్రీషియన్ టైల్స్ వేయకముందే కాంక్రీటు మీదనుంచి టేపు పెట్టి 18 అంగుళాలకి గుర్తు పెట్టాడు. ఆ తర్వాత మోర్టార్, టైల్ కలిసి మూడు అంగుళాలు పైకొచ్చాయి, సాకెట్ 15కి దిగిపోయింది. అతని తప్పేం లేదు, ఫ్లోరింగ్ పూర్తయ్యాక ఎత్తు ఎంతుండాలో మేమే చెప్పలేదు. మీరు మాత్రం ఫ్లోరింగ్ ఎంత మందం వస్తుందో ముందే కనుక్కుని గోడ మీద ఒక గీత గీయించండి, అన్ని కొలతలూ ఆ గీత నుంచే తీయించండి. బోర్డు పెద్దదైతే బాక్సు మధ్యకి కాకుండా పై వరస స్విచ్చుకి కొలవండి. మధ్య భాగం అందినా పై వరస అందదు, ఫ్యాన్ రెగ్యులేటర్ సరిగ్గా అక్కడే ఉంటుంది!

ఇక ఎత్తు సరిగ్గా ఉన్నా అందని చోట్లు ఉంటాయి. మూల అలాంటిదే. కుర్చీ ఫుట్‌రెస్ట్ గోడకి తగిలి ఆగిపోతుంది, చెయ్యి అక్కడిదాకా పోదు. మూల నుంచి కనీసం 350 మి.మీ. వదలాలని బ్రిటన్ మార్గదర్శకాల్లో ఉంది, మా అనుభవంలో రెండు అడుగులైనా వదలాలి. వంటగట్టు ఇంకా గడ్డు. గట్టు కింద మోకాళ్ళు పట్టే ఖాళీ ఉండి, గట్టు లోతు 20–25 అంగుళాలు ఉంటే వెనక గోడ మీద 44 అంగుళాల వరకే అందుతుందని ఏడీఏ లెక్క. అంతకంటే లోతైతే ఎదురుగా కూర్చుని అందుకోవడాన్ని ఆ ప్రమాణం అసలు ఒప్పుకోదు. అందుకని మేం రోజూ వాడే మిక్సీకి సాకెట్‌ని గట్టు ముందు అంచు కిందే, సింక్‌కి దూరంగా పెట్టించాం. మంచం తలవైపు పలక వెనక సాకెట్ పెట్టించొద్దు. మంచం పక్కన, పడుకున్న చేతికి అందేలా టూ-వే స్విచ్ (ఒకే లైటుని రెండు చోట్ల నుంచి వేసి ఆర్పేది) ఒకటి తప్పకుండా ఉండాలి.

స్విచ్ రకం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వెడల్పాటి మీట ఉన్నది, గోడ రంగుకి తేడాగా కనిపించేది తీసుకోండి. మణికట్టు తిప్పక్కర్లేకుండా, ఒంటిచేత్తో, 5 పౌండ్లకి మించని బలంతో పనిచేయాలని ఏడీఏ అంటుంది. అంటే రెండుంపావు కిలోల లోపు. ప్లగ్ పీకడానికి అంతకంటే ఎక్కువే పడుతుందనిపించి, మేం వేలు దూర్చి లాగే పిడి ఉన్న ప్లగ్గులు కొన్నాం.

పని మొదలయ్యేలోపు అమ్మగారిని ఆవిడ కుర్చీలోనే కూర్చోబెట్టి గోడ పక్కకి తీసుకెళ్ళండి. చేతికి సుద్దముక్క ఇచ్చి, భుజం నొప్పి పుట్టకుండా ఎంత పైకి, నడుము వంచకుండా ఎంత కిందకి అందుతుందో ఆవిడనే గీయమనండి. టైల్స్ లేని గదిలో గీయిస్తే ఆ మందం కూడా కలుపుకోండి. మా నాన్నగారి గీతలు 40 దగ్గర ఒకటి, 22 దగ్గర ఒకటి పడ్డాయి. ఆయన ఎడమచెయ్యి వాడతారు కాబట్టి గదిలోకి వెళ్ళేటప్పుడు ఎడమవైపు గోడకే బోర్డులు మార్చాం. మెయిన్ బోర్డు మాత్రం ఇంకా పాత ఎత్తులోనే ఉంది, ట్రిప్ అయితే ఇప్పటికీ నన్నే పిలుస్తారు.